టాపు లేని బండి

మా ఇంట్లో కారు లేక కాదు. పదకొండేళ్లుగా ఆల్టో ఉంది. అత్తయ్యగారి మోకాళ్ల డాక్టరుకి విజయనగరం, పెళ్లిళ్లకి చీపురుపల్లి, పిల్లాడి హాస్టలుకి విశాఖపట్నం, అన్నిటికీ అదే. ఇప్పుడు మా నాన్నగారి పొలం అమ్మితే నా వాటా డబ్బు చేతికొచ్చింది. అందులో నాలుగు లక్షలు పెట్టి మా ఆయనకి టాపు తీసేసే చిన్న కారు కొననా, మాననా అని నెల రోజులుగా నాలో నేనే తగువులాడుకుంటున్నాను.

దాని పేరు శాన్ స్టార్మ్. మీలో చాలామంది విని ఉండరు. 1990ల చివర్లో గోవాలో శాన్ మోటార్స్ అనే కంపెనీ తయారుచేసింది. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు, లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజను. ఇప్పుడు తయారీ లేదు. పెళ్లైన కొత్తలో ఈయన ట్రంకుపెట్టె సర్దుతుంటే సర్టిఫికెట్ల అడుగున దాని బొమ్మ కనబడింది, ఏదో పత్రికలోంచి కత్తిరించినది. అదేమిటని అడిగితే "ఏం లేదులే" అన్నారు. మొన్న మా తమ్ముడు, విశాఖలో ఎవరో అదే బండి అమ్ముతున్నారని ఫోటో పంపాడు.

రెండే సీట్లు! పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందంటారు. ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం. అత్తయ్యగారికి ఫోటో చూపించాను.

"ఓలమ్మ! అన్ని డబ్బులెట్టి కప్పు నేని బండి కొంతారేటే? వానొస్తే గొడుగెట్టుకుని నడుపుతాడేటి?"

గుడ్డ టాపు ఉంటుంది, వేసుకోవచ్చు అత్తా అన్నాను గానీ ఆవిడ మాటలో న్యాయం ఉంది. గరివిడి ఎండ, ఖనిజం లారీల వెనక లేచే దుమ్ము నాకు తెలియనివా? డాబా మీద బట్టలు ఆరేసేవాళ్లనడగండి. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి, అయిదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకోవాలి. అద్దం పగిలితే ఎక్కడ దొరుకుతుందో దేవుడికెరుక. పిల్లాడికి ఇంకా రెండేళ్ల ఫీజులున్నాయి.

ఇన్ని లెక్కలు వేసినా మనసు ఒప్పుకోవడం లేదు. ఆయన ఇరవై ఆరేళ్లుగా ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసు దగ్గర పనిచేస్తున్నారు. డ్యూటీ నుంచి వచ్చిన చొక్కా పట్టుకుంటే ఇప్పటికీ వేడిగానే అనిపిస్తుంది నాకు. చెల్లెలి పెళ్లికి మెడలో గొలుసు అమ్మేశారు, మళ్లీ చేయించుకోలేదు. కిందటేడు గుండెకి స్టెంటు వేసినప్పటి నుంచి మాట బాగా తగ్గిపోయింది. టీవీ ముందు కూర్చుంటారు, చూడరు. సరదా ఖర్చంటే అందరికీ మన చీరలే గుర్తొస్తాయి. మగవాళ్లకీ ఒక సరదా ఉంటుందని, అది అడగడానికి వాళ్లకి సిగ్గని ఎవరూ అనుకోరు.

ఆల్టో మాత్రం అమ్మనని తేల్చేసుకున్నాను, అది అత్తయ్యగారిది. ఫీజుల డబ్బు విడిగా ఫిక్సెడ్‌లో వేశాను. మా వీధి మెకానిక్కుని ఆదివారం విశాఖ రమ్మన్నాను. ఇంజను చూసి అతను వద్దంటే వద్దు, ఆ మాటకి కట్టుబడతాను. బాగుందంటే మాత్రం భీమిలి రోడ్డు దాకా ఈయన్నే నడపమంటాను.

కళ్లద్దాల షాపుకి వెళ్దామని చెప్పాను. సరేనన్నారు.