చీకట్లో కన్ను ఊరుకుంటుందా?

లైటు ఆర్పేసి పడుకుంటే కంటికి విశ్రాంతి అంటారు మనవాళ్లు. రెప్పలకి విశ్రాంతే, కాదనను. కంటి లోపల వెనక గోడకి అంటుకుని ఉన్న రెటీనా సంగతి మాత్రం వేరు. దానికి అసలు ఖర్చు పెరిగేది చీకట్లోనే!

నమ్మరు కదూ? వినండి మరి. వెలుగును పట్టే రాడ్ కణాల్లోకి చీకట్లో సోడియం అయాన్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, కట్టేయడం మరిచిపోయిన కుళాయిలాగా. వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోడిపోయాలంటే కణానికి బోలెడు శక్తి కావాలి. అప్పుడు కణంలో వోల్టేజి మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. వెలుగు పడిందా, కుళాయి బిగుసుకుంటుంది, వోల్టేజి ఇంకా కిందికి దిగిపోతుంది. పక్క కణం మీదికి వదిలే గ్లుటమేట్ కూడా తగ్గుతుంది. అంటే, వెలుతురు వచ్చిందన్న కబురును ఈ కణం నోరు మూసుకుని చెబుతుందన్నమాట! ఎలుక రెటీనాలో ఈ చీకటి కరెంటును హాగిన్స్, పెన్, యోషికామి అనే ముగ్గురు 1970లో కొలిచి చూపించారు.

ఆ మౌనాన్ని చదివేవి బైపోలార్ కణాలు. గ్లుటమేట్ తగ్గితే వాటిలో ఒక రకం హుషారెక్కుతుంది, ఇంకో రకం నీరసపడుతుంది. ఇంతవరకూ జరిగేదంతా వోల్టేజి మెల్లగా ఎక్కడం, దిగడమే. టకటకమని మోగే అసలు సంకేతాలు ఎక్కువగా చివర్న ఉన్న గాంగ్లియన్ కణాలవి. వాటి పొడవాటి తోకలే కట్టగా కలిసి దృశ్యనాడి అయ్యాయి. మనిషి కంటికి అవి సుమారు 10 లక్షలు. వెలుగును పట్టే కణాలేమో దాదాపు 10 కోట్లు! ఉన్నదంతా పంపాలంటే ఎక్కడ కుదురుతుంది? ఏరుకోవాల్సిందే.

ఎలా ఏరుతుందో స్టీఫెన్ కఫ్లర్‌కి పిల్లి కంట్లో దొరికింది. 1953లో అచ్చయిన పని అది. మత్తిచ్చిన పిల్లి రెటీనా మీదికి ఎలక్ట్రోడ్ దించి, చిన్న వెలుగు చుక్కను అటూ ఇటూ జరిపి చూశాడాయన. ఒక కణానికి చుక్క సరిగ్గా నడుమ పడితే టకటకా మోత. కాస్త పక్కకి జరిపితే మోత ఆగిపోయింది. ఆ పక్క వెలుగును ఆర్పేస్తే మళ్లీ మోత! పోనీ మొత్తం వెలుగుతో నింపేస్తే? అంతంత మాత్రంగా పలికింది. నడుమ ఔనన్నదాన్ని చుట్టుపక్కల కాదంటుంటే మిగిలేదేముంది?

అందుకే కన్నంటే కెమెరా అన్న మాట నాకు రుచించదు. ఖాళీ తెల్లగోడ గురించి రెటీనా పెద్దగా ఏమీ చెప్పదు. గోడ మీద బల్లి ఉందనుకోండి, దాని అంచు దగ్గర మాత్రం గొడవ మొదలవుతుంది. ఆ బల్లి కదిలితే ఇంకా తమాషా. కుందేలు రెటీనాలో హోరేస్ బార్లో, ఆయన సహచరులు 1960లలో కొన్ని విచిత్రమైన కణాలను పట్టుకున్నారు. వస్తువు ఒక వైపు వెళ్తే గలగలా మాట్లాడతాయి, ఎదురు దిక్కున వెళ్తే నోరెత్తవు. ఎటు పోతోందన్న ఆ లెక్క మెదడు దాకా వెళ్లకుండా కంట్లోనే తేలిపోతోంది.