పాకం ముదిరిందా, పొర చిక్కబడిందా



బందరు లడ్డు గురించి రాసిన కిందటి ఉత్తరం చూసి గుడివాడ పాఠకులొకరు అడిగారు: పాకం చిక్కదనం చెప్పే యంత్రం లేదా అని. లేకేమండీ! సన్న గొట్టంలోంచి ద్రవం ఎంతసేపట్లో దిగిందో చూసేవున్నాయి, కడ్డీ ముంచి తిప్పి చూసేవున్నాయి. అయినా మన మిఠాయి మేస్త్రీకి అవెందుకు? వేళ్ళ మధ్య సాగితే తీగపాకం, చన్నీళ్ళలో వేసిన చుక్క ఉండ కడితే ఉండపాకం. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఆ వేళ్ళకి ఎవరూ ఇవ్వలేదు.

వేలూ కడ్డీ రెండూ దూరని చోట మాత్రం చిక్కు. జీవకణం చుట్టూ ఉండే పొర మందం సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరుని 2 లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్కంత. దాని చిక్కదనం తెలియాలంటే అక్కడికి మెరిసే అణువుల్ని పంపుతారు. అలాంటి అణువు మీద కాంతి పడితే, ఆ శక్తిని మెలితిరిగి వేడిగా వదిలించుకుంటుంది, లేదా వెలుగుగా తిరిగి ఇచ్చేస్తుంది. పల్చటి ద్రవంలో హాయిగా మెలితిరుగుతుంది, మెరుపు తక్కువ. చిక్కటి దాంట్లో, దివిసీమ చేల బురదలో మోకాళ్ళదాకా దిగబడ్డ మనిషిలా, కదల్లేదు. అప్పుడు మెరుపు ఎక్కువ. చిక్కదనాన్నీ మెరుపునీ ముడిపెట్టే సూత్రాన్ని జర్మనీలో ఫోర్‌స్టర్, హాఫ్‌మన్ 1971లో ఇచ్చారు.

ఈ అణువులు ఎక్కువ పడినా మెరుపు పెరుగుతుంది కదా అంటారేమో. నిజమే. అందుకే చాలాచోట్ల ఎంత మెరిసిందన్నది వదిలేసి, ఎంతసేపు మెరిసిందో చూస్తారు. ఆ లెక్క నానోసెకన్లలో. నాకు ఇందులో బాగా నచ్చిన తెలివి ఇదే.

మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ చట్టోపాధ్యాయ బృందం మరో దారి పట్టింది. మెదడులో జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్ కణాల పొరల్లో కొలెస్టరాల్ పాళ్ళు మార్చి, అణువు వెలుగు దిశ ఎంత చెదిరిందన్న దాన్నిబట్టి చిక్కదనం కొలిచి, 2016లో ప్రచురించింది. ఆ పొరలో ఉండే సెరొటోనిన్ గ్రాహకం పనితీరు పొర చిక్కదనంతో దగ్గరగా కలిసి నడిచిందట. కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చెయ్యలేం, ఆ జాగ్రత్త మనకీ ఉండాలి.

ఇక గుడివాడ వారికి: ఈ అణువుల్ని పాకంలో వేసి చూద్దామనుకోకండి. వేడి మారినా మెరుపు మారిపోతుంది. పైగా అవి తినే రంగులు కావు.

ఉంటాను మరి.