హంపిలో గైడు వెంట ఒక రోజు

హంపిని ఒక్క రోజులో చూడటం కుదిరే పని కాదు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన మేర 41 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అందులో లెక్కకు వచ్చిన కట్టడాలు, శిథిలాలు కలిపి 1,600కు పైచిలుకు. నిమిషానికొకటి చొప్పున నిద్రాహారాలు మాని చూసినా రోజు దాటిపోతుంది. అయినా హొసపేటలో దిగే యాత్రికుల్లో చాలామంది చేతిలో ఉండేది ఒక్క రోజే. ఆ ఒక్క రోజును ఆధారం చేసుకుని అక్కడ ఒక వృత్తి నిలబడింది. ఒక కారు, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక గైడు, పొద్దున్నే మొదలై పొద్దుగూకేసరికి ముగిసే ఒక ప్రయాణం. ఏది చూడాలో, ఏది వదిలెయ్యాలో, దేని ముందు ఎంతసేపు నిలబడాలో ఆయనే నిర్ణయిస్తాడు. మనం ఇంటికి తెచ్చుకునే హంపి చాలావరకు ఆయన ఎంచి ఇచ్చిన హంపి.

గుంపుతో వెళ్ళినప్పుడు ఈ సంగతి అంతగా తెలియదు. గైడు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోతాడు, మనం వెనుక వరసలో నిలబడి సగం వింటాం, సగం ఫోటోలు తీసుకుంటాం. వినేవాడు ఒక్కడే అయినప్పుడు వ్యవహారం మారుతుంది. నడుమ ఆపి ప్రశ్న వెయ్యవచ్చు. చెప్పినదాన్ని నమ్మానో లేదో చెప్పేవాడికి నా ముఖంలో కనబడిపోతుంది. ఒంటరిగా వెళ్ళినందుకు నాకు దక్కిన లాభం అదే.

ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. ఇంటి భాష కన్నడమే అయినా తెలుగు ధారాళంగా మాట్లాడతారు. బళ్ళారి సీమలో అది వింత కాదు. కారెక్కగానే ఆయన వేసిన మొదటి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. "సార్, మీకు రాయలవారి హంపి చూపించాల్నా, మామూలు హంపి చూపించాల్నా?" అన్నారు. తెలుగువాళ్ళు వస్తే భువనవిజయం ఎక్కడుందని అడుగుతారట. విదేశీయులకు పోర్చుగీసు యాత్రికులు రాసిన సంగతులు కావాలట. భక్తులకు తుంగభద్ర ఆవలి అంజనాద్రి, కిష్కింధ కథలు కావాలట. బండలు అవే, దారులు అవే, గైడూ అదే మనిషి. అడిగేవాళ్ళను బట్టి చరిత్ర మాత్రం మారుతూ ఉంటుంది. మామూలు హంపే చూపించమన్నాను.

హేమకూటం మీద మొదలుపెట్టాం. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే రాతి కప్పులున్న చిన్న చిన్న గుళ్ళు ఆ కొండవాలు నిండా ఉన్నాయి. వాటిని చూసి జైన ఆలయాలనుకునేవారు చాలామంది. అవి శివాలయాలు, వాటిలో కొన్ని విజయనగర రాజ్యం ఏర్పడటానికి ముందువి కూడాను. కొండ దిగితే రెండు గణపతులు. ఒకాయన పేరు ససివెకాళు గణేశుడు, అంటే ఆవగింజ గణపతి. రెండో ఆయన కడలెకాళు గణేశుడు, శనగగింజ గణపతి. ఆవగింజంత అన్న స్వామి ఎత్తు దాదాపు రెండున్నర మీటర్లు, శనగగింజ స్వామిది నాలుగున్నర. ఆవగింజ గణపతి దగ్గర గైడు నా వంక చూసి నవ్వుతూ "ఈయన్ని పెట్టించింది మీవాడే సార్" అన్నారు. చంద్రగిరికి చెందిన ఒక వర్తకుడు 1506లో ఆ మంటపం కట్టించినట్టు శాసనం ఉంది. రాజులూ మంత్రులూ ఏలిన ఆ నగరంలో ఒక సరుకుల వ్యాపారి తన పేరుకు రాతి మీద చోటు సంపాదించుకోవడం నాకు బాగా నచ్చింది.

అక్కడికి దగ్గరలోనే కృష్ణాలయం. నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి గెలుచుకున్న రాయలు అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి ఈ గుడిలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గెలుపుకు గుర్తుగా ఒక ఊరి దేవుణ్ణి మరో ఊరికి తేవడం, ఆ ఊరు పాడుపడ్డాక అక్కడి నుండి ఆయన మూడో ఊరికి చేరడం... ఖాళీ గర్భగుడి ముందు నిలబడితే ఆ స్వామి ప్రయాణమే ఒక చరిత్ర గ్రంథంలా తోచింది.

నరసింహస్వామి దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాం. 1528లో ఒకే బండను తొలిచి చేసిన ఆ మూర్తి ఎత్తు 6.7 మీటర్లు. పుస్తకాల్లోనూ, కార్డుల మీదా ఉగ్ర నరసింహుడనే పేరే ప్రచారంలో ఉంది. ఉబికిన కళ్ళూ, తెరిచిన నోరూ చూస్తే ఎవరైనా ఆ పేరే పెడతారు. గైడు నన్ను పక్కకు తీసుకువెళ్ళి స్వామి వీపు వైపు చూపించారు. అక్కడొక చిన్న చెయ్యి ఉంది. అది లక్ష్మీదేవి చెయ్యి. స్వామి తొడ మీద కూర్చుని ఆయన్ని పొదివి పట్టుకున్న అమ్మవారి విగ్రహం విధ్వంసంలో పోయింది, ఆ చెయ్యి మాత్రం మిగిలింది. అంటే ఆయన లక్ష్మీ నరసింహుడు. పక్కన ఉన్న దేవేరిని పోగొట్టుకున్నాక జనం ఆయనకు ఉగ్రుడని పేరు పెట్టారు. ఆ చేతిని చూపించినందుకే ఆ రోజుకిచ్చిన రుసుము చెల్లిపోయిందనుకున్నాను.

రాచనగరు ఆవరణల్లోకి వచ్చేసరికి గైడు గొంతు కాస్త మారింది. రాణివాసం, పద్మమహలు, ఏనుగుల శాల, రాణిగారి స్నానవాటిక అంటూ పేర్లు గబగబా వచ్చిపడ్డాయి. ఏ రాణి ఏ కిటికీలోంచి ఏ ఉత్సవం చూసేదో ఆయన వర్ణిస్తుంటే వినడానికి ఇంపుగానే ఉంది. నిజానికి ఈ పేర్లన్నీ తరవాతి కాలం వాళ్ళు ఊహించి పెట్టినవి. పద్మమహలును దేనికి వాడేవారో చెప్పే శాసనం లేదు. రాణిగారి స్నానవాటిక రాణివాసమని చెప్పే ఆవరణకు చాలా దూరంలో ఉంది. పదకొండు గదులు వరసగా ఉన్న ఆ పెద్ద కట్టడంలో ఏనుగులే ఉండేవనడానికి దాని ఆకారమే ప్రధాన ఆధారం. "రాణి ఇక్కడే స్నానం చేసిందని మనకెలా తెలుసు?" అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "పేరు లేకుంటే ఎవరు గుర్తు పెట్టుకుంటారు సార్? కట్టడం నంబరు ఇంత అని చెప్తే ఒక్కరన్నా నిలబడతారా?" అన్నారు. నిజమే, నిలబడరు.

హజార రామాలయం గోడల మీద రామాయణం వరుసలు వరుసలుగా చెక్కి ఉంది. రాముడి బొమ్మలు వెయ్యి ఉన్నందున హజార రాముడయ్యాడని గైడు చెప్పారు. ఈ పేరుకు పండితులు కొందరు మరో అర్థం చెబుతారు. రాజుల నగరి ముంగిట ఉండే కొలువుశాలకు హజారము అన్న మాట పాత తెలుగులో ఉంది. రాచనగరు నడిబొడ్డున ఉన్న రాముడు గనుక హజారపు రాముడై ఉంటాడని వారి తలపు. ఈ మాట చెప్పగానే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి కన్నడంలో రాసుకున్నారు. "రేపట్నుంచి రెండూ చెప్తాను సార్. వెయ్యి అంటే సంతోషపడేవాళ్ళకు వెయ్యి, మీలాంటోళ్ళకు ఇది" అన్నారు.

ఆ పక్కనే, 1980ల తవ్వకాల్లో బయటపడిన మెట్ల పుష్కరిణి ఉంది. నల్లరాతి దిమ్మెల మీద చిన్న చిన్న గుర్తులు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో కూర్చోవాలో శిల్పులు ముందే రాసుకున్న గుర్తులవి. ఎక్కడో చెక్కి, ఇక్కడికి తెచ్చి, గుర్తు ప్రకారం పేర్చారన్నమాట. దాని ముందు గైడు పెద్దగా మాట్లాడలేదు, మాట్లాడనక్కరలేదు కూడా. భువనవిజయం సంగతి మాత్రం నేను అడగకుండానే ఆయన ఎత్తారు. నూరు స్తంభాల మంటపమని చెప్పే పునాదులను చూపించి, తెలుగువాళ్ళకు ఇక్కడే అష్టదిగ్గజాలు కూర్చున్నారని చెబుతుంటామని ఒప్పుకున్నారు. ఆ పునాదుల మీద నిలబడి కళ్ళు తుడుచుకున్నవాళ్ళను కూడా చూశారట. నాకు నవ్వు రాలేదు. కవులు కూర్చున్న చోటు కోసం ఐదు వందల ఏళ్ళ తరవాత వెదుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉండటం తక్కువ సంగతేమీ కాదు.

మధ్యాహ్నం విఠలాలయం. 2017 నుండి వస్తున్న కొత్త యాభై రూపాయల నోటు మీద ఉన్న రాతిరథం ఇక్కడిదే. దాన్ని ఏకశిల అంటుంటారు గాని, దగ్గరికెళ్ళి చూస్తే దిమ్మెలు అతికిన గీతలు కనిపిస్తాయి. రథాన్ని లాగుతున్నట్టున్న ఏనుగులు మొదటి నుండి ఉన్నవి కావు. వాటి వెనుక గుర్రాల తోకలు, వెనుక కాళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఛాయాచిత్రాల్లో ఈ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం కూడా ఉంది; ఇప్పుడది లేదు. సప్తస్వరాలు పలికే స్తంభాలను తట్టి చూపడం నిషేధం. ఆ రహస్యం తెలుసుకోవడానికి ఇంగ్లీషువాళ్ళు రెండు స్తంభాలను కోసి చూశారన్న కథ గైడు చెప్పారు. ఇది ఎక్కడ ఉందని అడిగితే, "మాకు నేర్పించినాయన చెప్పినాడు, ఆయనకు ఇంకెవరో చెప్పింటారు" అన్నారు.

అప్పటికి నాకొక లెక్క తేలింది. ఆయన చెప్పే మాటలు మూడు రకాలు. శాసనాల్లో ఉన్నవి కొన్ని. 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్, ఆ తరవాత వచ్చిన నూనిజ్ రాసిపెట్టినవి కొన్ని. ఆ రాతలను రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. గురుశిష్య పరంపరగా గైడు నుండి గైడుకు వచ్చినవి మరికొన్ని. మూడింటినీ ఒకే గొంతుతో చెప్పడం వల్ల వినేవాడికి తేడా తెలియదు. నాలుగో రకం కూడా ఉందని సాయంత్రం తెలిసింది.

చివరిగా విరూపాక్షాలయానికి వచ్చాం. 1565 యుద్ధం తరవాత నగరమంతా పాడుపడినా ఈ గుడిలో పూజలు ఇప్పటికీ జరుగుతున్నాయి. లోపల చీకటి గదిలో గోడ మీద తలకిందులుగా పడే గోపురం నీడ చూసి, తూర్పు వాకిలి దాటి బజారు వీధిలోకి వచ్చాం. వెడల్పాటి వీధి, రెండు వైపులా రాతి స్తంభాల మంటపాలు, దూరాన పెద్ద నంది. ఈ వీధిలో అందమైన ఇళ్ళు, వసారాలు, యాత్రికులు బసచేసే చోట్లు ఉన్నాయని పేస్ వర్ణించాడు. నేను చూసిన సాయంత్రం స్తంభాల మధ్య గాలి తప్ప ఏమీ లేదు.

గైడు అక్కడ కాస్త త్వరగా నడుస్తున్నారు. పొద్దున్నుంచి ప్రతి రాయి దగ్గరా ఆగిన మనిషి ఇక్కడెందుకు ఆగడం లేదని అడిగాను. ఆయన ఒక మంటపం వైపు చెయ్యి చూపించి, "ఆ రెండు కంబాల నడుమ మా హోటలుండేది సార్. నాన్న ఇడ్లీ పోసేవాడు. వెనకాల ఇల్లు. నేను పుట్టి పెరిగింది ఆడనే" అన్నారు. ఆ మంటపాల్లో కొన్ని దశాబ్దాలుగా జనం కాపురాలుండేవారు, దుకాణాలు నడిపేవారు. రక్షిత కట్టడాలను ఆక్రమించుకున్నారన్న కారణంతో 2011లో వాటిని తొలగించారు. ఖాళీ చేసినవారికి కడ్డిరాంపురలో స్థలాలు చూపించారు. తొలగించినవారి వాదన కొట్టిపారేసేది కాదు. ఐదు వందల ఏళ్ళ నాటి రాతి స్తంభాల మధ్య ఇటుక గోడలు లేపి, సిమెంటు పూసి, మేకులు కొడుతూ పోతే ఆ స్తంభాలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? కాని పేస్ మెచ్చుకున్నది స్తంభాలను మాత్రమే కాదుగదా. మనుషులున్న వీధిని ఆయన చూశాడు. ఆ వీధిని కాపాడటానికి అందులోని మనుషులను తీసెయ్యవలసి వచ్చింది.

"ఇది కూడా వచ్చినవాళ్ళకు చెప్పవచ్చు కదా?" అన్నాను. "ఇది టూరులో లేదు సార్" అన్నారాయన, వాచీ చూసుకుంటూ.

కోపం గాని, బాధ గాని ఆ గొంతులో నాకు వినబడలేదు. ఏనుగుల శాలకు గదులెన్నో చెప్పినంత మామూలుగా చెప్పారు. రోజంతా ఎవరెవరో చూసినవి, ఎవరెవరో రాసినవి, ఎవరెవరో ఊహించినవి చెప్పిన ఆ మనిషి, కళ్ళారా చూసిన చరిత్ర దగ్గరకు వచ్చేసరికి రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆయన చిన్న పుస్తకంలో హజారము ఎక్కింది గాని, వాళ్ళ నాన్న హోటలు ఎక్కినట్టు లేదు. వచ్చినవాళ్ళెవరూ అడగరు గనుక అది చరిత్ర కిందికి రాదని ఆయనే నిర్ణయించుకున్నారు. మరో వందేళ్ళకు ఆ వీధి గురించి ఎవరైనా రాయదలిస్తే, సంరక్షణ పనుల నివేదికలు ఉంటాయి, కోర్టు కాగితాలు ఉంటాయి. ఆ రెండు స్తంభాల మధ్య పొద్దున్నే ఆవిరి లేచే ఇడ్లీ పాత్ర ఉండేదన్న మాట మాత్రం ఎక్కడా ఉండదు.

హంపికి గాని, మరే పాత నగరానికి గాని గైడుతో వెళ్ళదలచిన మిత్రులకు ఒక మనవి. ఆయన చెప్పిన ప్రతి మాటకూ ఈ ఒక్క ప్రశ్న జోడించండి: ఇది రాతి మీద ఉన్నదా, పుస్తకంలో ఉన్నదా, పెద్దలు చెప్పినదా, మీరు చూసినదా? ఎగతాళిగా కాకుండా, తెలుసుకోవాలన్న ఆసక్తితో అడగండి. ఒకరి కోసమే నడిచే ప్రయాణంలో ఆ ప్రశ్నకు సమయం ఉంటుంది. మొదటి మూడింటికీ జవాబులు కొంచెం వెదికితే ఇంటి దగ్గరే దొరుకుతాయి. నాలుగోదానికి మాత్రం ఆ మనిషి ఎదురుగా ఉండాలి, మనం అడగాలి, వాచీ వంక చూసినా కాసేపు ఆగాలి.