ఏ గట్టున కూర్చుందాం?

లోయర్ ట్యాంక్ బండ్ వాళ్ళం నీళ్ళకంటే కిందే కాపురాలు చేస్తున్నాం. చుట్టాలకి చెబితే నవ్వుతారు గానీ, కట్టమైసమ్మ గుడి దగ్గర నిలబడి తలెత్తితే కనబడేది కట్ట, దానికవతల హుస్సేన్ సాగర్. 1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు. దాని మిగులు నీళ్ళు మోసే నాలా దోమలగూడ, అశోక్ నగర్‌ల పక్కనుంచి మూసీకి పోతుంది. 2000 ఆగస్టు వానలకి ఆ నాలా పక్క బస్తీలు మునిగాయి. ఈ చెరువుని చూడాలంటే మేం పైకెక్కాలి. అది రాదలుచుకుంటే మాత్రం మా గుమ్మంలోకే వస్తుంది.

సముద్రం చూడాలంటే బాపట్ల దాకా, సూర్యలంకకి పోవాలి. రిజర్వేషన్లూ, సెలవులూ కుదరాలి. కుదరని ఆదివారాలన్నిటికీ ఉన్నది ఈ సాగరమే. వెళ్ళడం ఖాయం, తగువంతా ఏ గట్టుకన్నదే.

పిల్లలుంటే లుంబినీ పార్కు అంటారు. బోటు ఎక్కించాలి, చెరువు మధ్య బుద్ధుడి విగ్రహం పాదాల దాకా తీసుకెళ్ళాలి. ఆ బుద్ధుడిదీ చిన్న కథ కాదు. రాయగిరి రాతిలోంచి వచ్చినవాడు, 1990 మార్చిలో నీళ్ళమీద తీసుకెళ్తుంటే ఒరిగి పడిపోయాడు. పలువురి ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు పైగా అడుగున పడుకుని, 1992 డిసెంబరులో లేచి నిలబడ్డాడు. అదే ఏడు ఒలింపిక్స్ కోసం బార్సిలోనా వాళ్ళు, పాత ఫ్యాక్టరీలూ రైలు పట్టాలూ మూసేసిన తమ మధ్యధరా తీరాన్ని తెరిచి, ఇసుక పోసి బీచ్‌లు చేసుకున్నారు. ఇప్పుడు వాళ్ళకి బార్సిలోనేటాలో జనం ఎక్కువైతే బోగటెల్ ఉంది, అది కాదంటే నోవా ఇకారియా ఉంది. ఎంచుకోవడానికి ఎన్నో, దేనికీ టికెట్ లేదు. వాళ్ళు నీళ్ళలోకి దిగే ఏర్పాటు చేసుకున్నారు, మనం నీళ్ళలో దేవుణ్ణి నిలబెట్టి ఒడ్డునుంచి దణ్ణం పెట్టుకుంటున్నాం. దిగే ఆశ ఎటూ లేదు. కూకట్‌పల్లి నాలా ఏళ్ళ తరబడి తెచ్చి పోసిన మురుగు అలాంటిది. మన దగ్గర గట్టు ఎంచుకోవడంలో సగం పని ముక్కుదే.

లుంబినీ మాటెత్తితే మా అమ్మ, "టికెట్టు కొని గాలి పీల్చుకోవాలా నాయనా?" అంటుంది. అక్కడితో లుంబినీ అయిపోతుంది.

సంజీవయ్య పార్కులో పచ్చిక ఉంది, చెట్ల నీడ ఉంది, 2016లో నిలబెట్టిన 291 అడుగుల జెండా ఉంది. పుస్తకం పట్టుకుని ఒంటరిగా కూర్చునేవాళ్ళకి మంచి చోటు. కానీ నాలాల నోళ్ళు అటువైపే, గాలివాటం చూసుకుని బయల్దేరాలి. నెక్లెస్ రోడ్డుకి పొద్దున్నే పోవాలి. పడమటి గట్టు కదా, ట్యాంక్ బండ్ వెనకనుంచి సూర్యుడు లేచి నీళ్ళమీదుగా ఎదురొస్తాడు. సాయంత్రమైతే అక్కడ హోటళ్ళదే రాజ్యం, కారున్నవాళ్ళకి బాగుంటుంది.

నా ఓటు ట్యాంక్ బండ్‌కే. గేటు లేదు, టికెట్ లేదు. తూర్పు గట్టు గనక పొద్దుగుంకడం ఎదురుగా, నీళ్ళమీదే. 1986లో ఎన్టీ రామారావు పెట్టించిన విగ్రహాలు వరసగా ఉంటాయి: నన్నయ, మొల్ల, వేమన, మఖ్దూం, శ్రీశ్రీ. పాపం, అందరూ చెరువుకి వీపు పెట్టి ట్రాఫిక్ చూస్తూ నిలబడ్డారు. అంతంత కవులకి ఆ శిక్ష ఎందుకు వేశారో! వాళ్ళ కాళ్ళ దగ్గర చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చున్న గ్రూప్స్ కుర్రాళ్ళు ఒకరినొకరు ప్రశ్నలడుగుతుంటారు. మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర ఒక పెద్దాయన బేరమాడి, చివరికి వాడడిగినంతే ఇస్తాడు. పక్కన కూర్చున్నవాడు ఎవరో, ఏ బస్తీవాడో అడిగే పనిలేదు. ఈ ఊళ్ళో డబ్బు పెట్టకుండా ఇంతసేపు కూర్చోనిచ్చే చోటు ఇంకోటి నాకు తట్టడం లేదు.

చిక్కల్లా అక్కడికి చేరడమే. కింద ఉన్న మాకు అందరికంటే దగ్గర, కానీ కట్ట ఎక్కాక ఆ రోడ్డు దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ, సగం దాటి ఆగి, బస్సు పోయాక మిగతా సగం. 2021 ఆగస్టు చివరినుంచి ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి రోడ్డంతా మనుషులకి వదిలినప్పుడు ఆవిడ నడిమధ్యన నిలబడి నవ్వింది. ఆ సాయంత్రాలు ఏ వారమూ తప్పిపోకూడదు. మామూలు రోజుల్లో కూడా ముసలివాళ్ళు నింపాదిగా దాటేంతసేపు బండ్లని ఆపే సిగ్నల్ మా వైపునుంచి ఎక్కేచోట ఒకటి పెట్టించండి. బీచ్ అడగడం లేదు, రోడ్డు దాటనిస్తే చాలు.