పోయినదాని జాడ మిగిలినవాటిలో

బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం వలసవచ్చిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. అటువంటి ఒక ఇంట తాతగారి ఉత్తరాలు, పెళ్లి ఫొటోలు లినక్స్‌తో నడిచే నాలుగు డిస్కుల సముదాయంలో దాచుకున్నారనుకుందాం. అసలు కాగితాలు చెదలపాలైనాయి. ఒకనాటి ఉదయం ఆ సముదాయం తెరుచుకోలేదు. రెండు డిస్కులు జట్టులో లేవన్నది యంత్రం.

చవకైన డిస్కులను జట్టుకట్టి నమ్మకంగా వాడవచ్చునని 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ పద్ధతికి రెయిడ్ అని పేరు. దాని కిటుకు చిన్నదే. మూడు డిస్కులలో 5, 7, 9 ఉన్నాయనుకోండి. నాలుగవదానిలో మొత్తం 21 ఉంటుంది. 7 పోతే, 21 నుంచి 5, 9 తీసివేసి దానిని రాబట్టవచ్చు. నిజానికి కంప్యూటరు చేసేది కూడిక కాదు, సరి బేసి లెక్క. సూత్రం మాత్రం ఇదే. రెండు అంకెలు పోతే ఏ లెక్కా వాటిని తిరిగి ఇవ్వలేదు.

అయితే జట్టునుంచి వెలియైన డిస్కు చచ్చినదని అర్థం కాదు. తీగ వదులైనా వెలి పడవచ్చు. జట్టు స్థితి మారినప్పుడల్లా పెరిగే ఒక సంఖ్యను ప్రతి డిస్కూ తన నుదుట రాసుకుంటుంది. ఎం.డి.ఎ.డి.ఎం. అనే పనిముట్టుతో ఆ సంఖ్యలు చదవవచ్చు. మిగిలినవాటికి దగ్గరి సంఖ్య గలది నిన్నమొన్న విడిపోయినది. దానిని బలవంతంగానైనా జట్టులో చేర్చవచ్చు. బాగా వెనుకబడినది ఎన్నడో విడిపోయినది. దానిలోనిది పాతబడిన సమాచారం, దానిని పక్కన ఉంచాలి.

నష్టమంతా ఆతురతలో ఉంది. జట్టును కొత్తగా సృష్టించమని ఆజ్ఞ ఇస్తే పాత నుదుటిరాత చెరిగిపోతుంది. డిస్కుల వరుస తప్పితే ఉత్తరాలు కూడా దక్కవు. కనుక మొదట ఒక్కొక్క డిస్కుకూ ప్రతి తీసి, ప్రయోగాలన్నీ ఆ ప్రతులమీదే చేయాలి. జట్టు కుదిరాక రాత కుదరని రీతిలో తెరిచి, ఉన్నదంతా వేరేచోటికి ఎత్తుకోవాలి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

రెయిడ్ ఒక డిస్కు చావును తట్టుకోగలదు. పొరపాటున చెరిపిన ఉత్తరాన్ని, దొంగ ఎత్తుకుపోయిన పెట్టెను తిరిగి ఇవ్వలేదు. అందుకు మరో ఊరిలో మరో ప్రతి ఉండవలసిందే. తాతగారు వచ్చిన పట్టాలమీదనే ఒక చిన్న డిస్కు విశాఖలోని బంధువుల ఇంటికి చేరితే చాలు.