మసి పూసి మారేడుకాయ

ముప్ఫయ్యేళ్ళు దాటినా నాకో పిల్లచేష్ట పోలేదు. అంగుళం పైచిలుకు ఎత్తుండే ప్లాస్టిక్ సైనికుల బొమ్మలు కొనుక్కుని, కౌలాలంపూర్ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని రంగులేసుకుంటూ ఉంటాను.

రంగులెయ్యడం తేలికే, నీడలతోనే చిక్కంతా. బట్ట మడతల్లో, కవచం సందుల్లో కాస్త ముదురు రంగు పడితేగానీ బొమ్మకి ప్రాణం రాదు. ఆ పని చిటికెలో అయిపోవడానికే ఆర్మీ పెయింటర్ కంపెనీ క్విక్‌షేడ్ అని ఓ డబ్బా తెచ్చింది. బొమ్మని ముంచి విదిలిస్తే చాలు. తీరా చూస్తే అది రంగు కలిపిన వార్నిషే! తలుపులకేసే అలాంటి వార్నిషే మా వీధి చివర హార్డ్‌వేర్ కొట్లో చాలా చవగ్గా దొరికింది.

కింద వేసిన ఆక్రిలిక్ రంగులు బాగా ఆరితే, నూనె వార్నిష్ వాటిని కరిగించదు. ముంచేకన్నా కుంచెతో పూసి, మడుగు కట్టిన చోట అదే కుంచెతో లాగేస్తే మేలు. కిటికీలు తీసి ఉంచాలి. కుంచెని టర్పెంటైన్‌లో కడగాలి. ఒకరోజు ఆరాక బొమ్మ అప్పుడే మూకుట్లోంచి తీసిన గారెలా మెరుస్తుంది కాబట్టి పైన మాట్ వార్నిష్ స్ప్రే కొట్టాలి. మలేషియాలో అదే గండం. వాన ముసిరినప్పుడు కొట్టారో, గాలిలో తేమకి బొమ్మంతా తెల్లగా మసకేస్తుంది. మబ్బు పట్టకముందే, మంచి ఎండలో కానిచ్చెయ్యాలి.

ఇంతవరకూ బానే ఉంది. ఆ ఊపులోనే, అమ్మ తన దసరా కొలువులోంచి తీసిచ్చిన కొండపల్లి బొమ్మ మీద పడ్డాను. కుండ మోసే అమ్మాయి. అక్కడక్కడా రంగు లేచిపోయింది. 'కొత్తదాన్ని చేసేస్తా' అనుకున్నా.

ప్లాస్టిక్ వార్నిష్‌ని తాగదు. కొండపల్లి బొమ్మది తెల్ల పొణికి కర్ర. ముక్కలు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆపైన రంగులేస్తారు. రంగు లేచిన చోటల్లా కర్ర వార్నిష్‌ని గటగటా తాగేసింది. నున్నటి చెంపల మీద దాక్కోడానికి సందు లేక మొహమంతా మరకలైంది. ఆ కళ్ళూ కనుబొమలూ ఎవరో చేత్తో గీసినవి. వాటికి నా నీడ అక్కర్లేదని పూశాక తెలిసింది.

వీడియో కాల్‌లో చూసి, "దాని మొహానికి మసి పూశావేంట్రా?" అంది అమ్మ. కాసేపాగి, "పోనీలే, వెనక వరసలో పెట్టు, కనపడదు" అంది.

నేను ముందు వరసలోనే పెట్టాను. దాన్ని చూసినప్పుడల్లా డబ్బా మూత గట్టిగా బిగించాలని గుర్తొస్తుంది.