మూడో రోజు నొప్పి

జ్ఞానదంతమని ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, నాకది జ్ఞానమేమీ ఇవ్వలేదు, దవడ వాపిచ్చింది. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వచ్చే పన్ను ఇది. నాది చోటు చాలక పక్క పన్ను మీదికి అడ్డంగా పడుకుందని ఎక్స్‌రేలో తేలింది. హన్మకొండలోనే చిగురు కోసి, ఎముక కాస్త తొలిచి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు.

మర్నాడు బుగ్గ బూరెలా పొంగింది. నోరు బిగుసుకుపోయింది. రెండు మూడు రోజులు వాపు ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి, చల్లారిన రాగిజావ చెంచాతో తాగుతూ గడిపాను. మూడో రోజు వాపు తగ్గింది, నొప్పి మాత్రం ఎక్కువైంది! చెవిలోకి, కణతలోకి ఒకటే పోట్లు. నోట్లో చెడు వాసన. మాత్ర వేసుకున్నా ఆగలేదు.

"పన్ను పీకిచ్చుకున్నంక నొయ్యదా బిడ్డా? జర ఓర్సుకోవాలె" అంది అత్తమ్మ. నలుగురిని ఇంట్లోనే కన్న మనిషి, ఓర్చుకోవడం తప్ప వేరే మందు ఎరగదు. ఎల్లుండే సద్దుల బతుకమ్మ. ఇంట్లో పని ఎక్కడిదక్కడే ఉంది. అయినా ఆటో ఎక్కాను.

"డ్రై సాకెట్" అన్నారు డాక్టరుగారు. పన్ను తీసిన గుంతలో గడ్డకట్టిన రక్తమే ఎముకకు కప్పు. అది ఊడిపోతే ఎముక బయటపడి ఇలా పోటు పెడుతుందట. రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి మూడు నాలుగు రోజులకు పెరిగిందంటే అది ఓర్చుకునే నొప్పి కాదండీ. గుంత కడిగి, లవంగనూనె కలిసిన మందు పెట్టారు. కాసేపటికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజే గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, పొగ తాగినా ఇలా అవుతుందట. నేనవేవీ చెయ్యలేదు. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, "గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నారా?" అన్నారు. వాడుతున్నాను. వాటివల్ల కూడా ఈ బాధకు అవకాశం పెరుగుతుందట. పన్ను తీసేముందు బీపీ, షుగరు అడిగారు గానీ ఈ మాట ఎవరూ అడగలేదు. అత్తమ్మ పక్కనే కూర్చుంది మరి, అడిగినా చెప్పేదాన్నో లేదో!

జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం ఆ పూటే వెళ్లాలి.

ఇంకోటి మిగిలింది. పన్ను వేళ్ల కిందుగా పోయే నరం కదిలినందుకు కింది పెదవి ఒకపక్క తిమ్మిరి. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో అదే పోతుందట, ఎక్కడో ఒకరికి ఉండిపోతుందట. సద్దులనాడు పద్మాక్షి గుట్ట దగ్గర చిటికెడు మలీద నోట్లో వేసుకున్నాను. పెదవికి అంటుకున్న సంగతి నాకు తెలియనే లేదు. మా ఆడపడుచు కొంగుతో తుడిచింది.